తొమ్మిది తెప్పల గదిలో మొదటి మాట

మార్గశిర శుద్ధ తదియ

తొమ్మిదో పలక కూడా బిగించడం అయిపోయింది. ఇక తొమ్మిది తెప్పలూ ఒకే తీగ మీద ఉన్నట్టే. సముద్రం ఇప్పుడు గుడివాడదాకా వచ్చింది గదా, ఆ రేవులో తీగపడవ ఎక్కించేటప్పుడు మా ఆఫీసరు ఒక్కటే చెప్పింది. "బిగించడం పెద్ద పని కాదు వకుళా. వాళ్ళంతట వాళ్ళు కబుర్లాడుకునేదాకా ఉండి రా." పౌర్ణమి వెళ్ళాక పడవ నాకోసం మళ్ళీ వస్తుంది. అప్పటిదాకా జరిగింది జరిగినట్టు నాలుగు ముక్కలు రాసి ఉంచమన్నారు. ఒక్కచోట కుదురుగా కూర్చోలేనిదాన్ని తీసుకొచ్చి, ఊగే చోట కూర్చోబెట్టి రాయమన్నారు. రాస్తున్నాను.

నా మకాం నాంచారమ్మ మామ్మ తెప్ప మీద. తెప్ప అంటే మా నూజివీడు హాస్టల్ పిల్లలు నవ్వినట్టు నాలుగు దుంగలు కాదు. బోలెడు గుడిసెలు, కోళ్ళు, ఉప్పునీళ్ళు మరగబెట్టి మంచినీళ్ళు తీసే బట్టీ, చుట్టూ అంచుల్నుంచి సముద్రంలోకి వేలాడే నాచు తాళ్ళు. పొద్దున్నే అందరూ ఆ తాళ్ళు పైకి లాగి, పెరిగిన నాచు కోసి, మళ్ళీ నీళ్ళలోకి వదిలేస్తారు. నాకూ ఒక కత్తి ఇచ్చారు. మొదటిసారే నాచుతోపాటు తాడు కూడా కోశాను. మామ్మ మనవరాలు తాయారు ఆ తాడుముక్కని తీసుకెళ్ళి నా తలుపుకి కట్టింది, వచ్చేపోయేవాళ్ళు చూసి నవ్వుకోవడానికి.

తాయారుది నా వయసే. ఈ తెప్పకీ ఆ తెప్పకీ సరుకు తిప్పే పడవ తనది. పలకలు బిగించడానికి నన్ను అన్నిచోట్లకీ తిప్పింది తనే. నా పాఠం వినీ వినీ, నాలుగో తెప్ప దగ్గరికి వచ్చేసరికి నాకంటే ముందు తనే చెప్పేయడం మొదలుపెట్టింది.

"ఇదిగో పిన్నీ, ఇది పలక. ఒకళ్ళు ఈ చక్రం తొక్కతా ఉండాల, ఇంకోళ్ళు మీటలు కొట్టాల. తొక్కడం ఆపితే ఆరిపోద్ది. ముందు వాలుగీత కొట్టు. పక్కన 'చేరు'. దాని పక్కన 'తొమ్మిది'. అంతే, గదిలోకి పోయినట్టే. మనం రాసింది అన్ని తెప్పల మీదా ఒకేసారి కనబడుద్ది. ఎవరిది ముందొస్తే వాళ్ళది పైన, తర్వాతోళ్ళది కింద."

"గొంతు వినబడదా?" అని ప్రతి తెప్ప మీదా ఎవరో ఒకరు అడిగారు.

"వినబడదు పిన్నీ. ఆకాశం ఎప్పుడో చెవిటిదైపోయింది గదా, గాల్లో మాటలు పోవు. తీగేమో వెంట్రుకంత. అందులో అక్షరాలే పడతాయి."

పేరు సంగతి మాత్రం నేనే చెప్పేదాన్ని. సొంత పేరు వద్దు, మీకు నచ్చింది పెట్టుకోండి, అది మీదని ఎవరికీ చెప్పొద్దు, నాకు కూడా చెప్పొద్దు అని. కాలేజీ మొదటి ఏడాది తరగతిలో నాకు నోరు పెగిలేది కాదు. తీగ మీది గదిలో 'పిల్లిపెసర' అని పేరు పెట్టుకున్నాక పెగిలింది. రోజూ నాతో వాదన వేసుకునే 'చింతగుల్ల' మా ప్రిన్సిపాలని తెలిసేటప్పటికి నా భయం పోయి చాలాకాలమైంది. ఆ గదిని కనిపెట్టిన పుణ్యాత్ములెవరో నాకు తెలియదు. వాళ్ళకి దణ్ణం పెట్టుకోని వారం లేదు.

మా తెప్ప పలకకి తాయారు 'ఆవకాయ' అని పేరు పెట్టింది.

"ఎప్పుడైనా తిన్నావా?" అన్నాను.

"లేదు. అందుకే."

సాయంత్రానికి గదిలో తొమ్మిది పేర్లూ వచ్చి నిలబడ్డాయి. సొరచేప, ఉప్పుగల్లు, మొగలిరేకు, చుక్కాని, ఎండ్రకాయ, ఇంకా ఏవేవో. రేపటినుంచి ఎవరి నోరూ ఆగదు.

పంచమి

ఒక్క మాట లేదు.

పేర్లన్నీ ఉన్నాయి. ఉన్నాయంటే అక్కడ ఎవరో చక్రం తొక్కుతున్నారు, ఎవరో పలక ముందు కూర్చున్నారు. పొద్దున నాచు కోతకి ముందు వస్తారు, సాయంత్రం పొయ్యి రాజేశాక వస్తారు. వచ్చి, చూసి, పోతారు. తీగ ఎక్కడైనా తెగిందేమో అనుకున్నాను. తెగితే పేర్లు రావు. మీటలు కష్టంగా ఉన్నాయేమో అనుకున్నాను. పేర్లు కొట్టుకుంది ఆ మీటలతోనే గదా.

నేనే రాశాను. "అందరికీ నమస్కారం. ఇవాళ గాలి ఎట్లా ఉంది?" చాలాసేపు చూశాను. చక్రం తొక్కుతున్న తాయారు మెడ చాచి పలక చూసి, "గాలి బానే ఉందంట" అంది.

సప్తమి

పొడుపుకథలు వేశాను. జవాబు లేదు. హాస్టల్ వంటమనిషి సాంబారులో చెప్పు పడిన కథ రాశాను. నా ప్రిన్సిపాల్ కథ సగం రాసి, మిగతాది ఎవరైనా అడిగితే చెప్తానన్నాను. అడగలేదు. మామ్మ మాత్రం రోజూ వచ్చి నా వెనక ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటుంది. ఆమెకి చదువు బాగా వచ్చు. పెదాలు కదుపుతూ అంతా చదువుతుంది, లేచి పోతుంది.

ఇది నవ్వులాటగా తీసుకోవడానికి లేదు. ఈ తీగ అడిగి తెప్పించుకుంది మామ్మే. పోయినేడు మంచులో ఆమె కొడుకు, తాయారు నాన్న, పడవతో చిక్కుకుపోయాడు. ఇప్పటి మంచు ఎండెక్కితే విడిపోయే రకం కాదు. వచ్చి కూర్చుంటే రోజుల తరబడి కూర్చుంటుంది, చెయ్యి చాస్తే వేళ్ళు కనబడవు. ఆయన బూర ఊదుతూనే ఉన్నాడు. మూడు తెప్పల వాళ్ళు విన్నారు. ఎవరి తెప్ప మీద వాళ్ళు విని, జవాబుగా వాళ్ళూ బూరలు ఊదారు, ఎటుపోవాలో తెలియక ఆయన అన్నివైపులకీ తిరిగాడు. మంచు విడిచాక సంతపడవ దగ్గర కలుసుకున్నప్పుడుగాని, "మాకూ వినబడింది", "మాకూ వినబడింది" అని చెప్పుకోలేదు. మూడు ముక్కలూ అప్పుడే ఒకచోట పడి ఉంటే మనిషి దొరికేవాడు.

మామ్మ గుడివాడ రేవుదాకా పడవలో వెళ్ళి, తీగ ఆఫీసు మెట్ల మీద కూర్చుని సాధించుకొచ్చింది. మళ్ళీ పుష్యమాసం వస్తోంది. మంచు వస్తుంది. ఆలోగా ఈ గది నోరు తెరవాలి. నాకున్న పని అదొక్కటే.

అష్టమి

దొరికింది. తప్పు తీగలోనూ లేదు, మీటల్లోనూ లేదు. నాలోనే ఉంది.

పొద్దున విసుగొచ్చి మామ్మనే అడిగేశాను, ఇంత శ్రమపడి తెప్పించుకున్నారే, ఒక్క మాటైనా ఎందుకు రాయరని.

"మాట దించకుండా ఎట్టా మాట్టాడతారమ్మా?" అంది, నేనేదో బట్టల్లేకుండా బజారుకెళ్ళమన్నట్టు చూసి.

అప్పుడు చెప్పింది. పడవలు ఎక్కడ గుమిగూడినా, సంతైనా పెళ్ళైనా చావైనా, ముందు అందరూ నోరు మూసుకుని ఉంటారు. అక్కడున్నవాళ్ళలో వయసులో పెద్దెవరో వాళ్ళు మొదటి మాట దించాలి, లంగరు దించినట్టు. ఆ మాట కూడా ఎప్పుడూ ఒకటే. "గంజి తాగారా?" అది పడ్డాకే ఎవరి నోరైనా లేస్తుంది. పెద్దకంటే ముందు మాట్లాడితే ఆ గుంపు నిలవదని వీళ్ళ నమ్మకం.

"మరి నేను రోజూ రాస్తున్నానే" అన్నాను.

"నువ్వు తెప్పమనిషివి కాదుగా. నీ మాట లెక్కలోకి రాదులే" అంది, ధైర్యం చెప్తున్నట్టు.

"మరి పెద్దెవరో వాళ్ళనే దించమనొచ్చుగా."

"పెద్దెవరో ఎట్టా తెలుసుద్దే? ఎండ్రకాయ వయసెంత? మొగలిరేకు పండుముసలో పసిగుడ్డో ఎవరికెరుక?"

ఎదురెదురుగా కూర్చుంటే ముఖం చూసి వయసు తెలుస్తుంది. నేను ముఖాలు తీసేశాను, పేర్లు కూడా తీసేశాను. నాకు నోరిచ్చిన ముసుగే తీసుకొచ్చి వీళ్ళ నోళ్ళకి కట్టాను. తొమ్మిది తెప్పల మీద తొమ్మిదిమంది పలక ముందు మర్యాదగా కూర్చుని, తమకంటే పెద్ద ఎవరో మొదలుపెడతారని చూస్తున్నారు.

తాయారు అయితే నాచు గంప దించేసి, కూర్చుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

తర్వాత అసలు చిక్కు చెప్పింది, మామ్మ అటు వెళ్ళాక, గొంతు తగ్గించి. తొమ్మిది తెప్పల్లోకీ పెద్ద మామ్మే. కాకపోతే దక్షిణం కొసన ఉన్న తెప్ప మీద ఏసోబు తాత ఉన్నాడు. ఇద్దరూ ఉప్పెన ఏడాదే పుట్టారు. పుట్టిన కాగితాలు ఆ ఉప్పెనే పట్టుకుపోయింది. నేను పెద్దంటే నేను పెద్దని నలభై ఏళ్ళుగా తగువు. ఈమె వచ్చే సంతకి ఆయన రాడు. ఆయన వెళ్ళిన పెళ్ళికి ఈమె వెళ్ళదు. సగం తెప్పలు ఈమెవైపు, సగం ఆయనవైపు. ఇద్దరూ ఒక గుంపులో ఉండటం ఎవరూ చూడలేదు.

"ఇప్పుడు నువ్వు ఒకే గదిలో పెట్టావు ఇద్దర్నీ" అంది తాయారు. "ఆ ముసలోడు లోపలున్నాడో లేడో తెలీక మామ్మ చావటల్లేదు, బతకటల్లేదు."

నవమి

తాయారు బయల్దేరింది. ఎలాగూ నాచు మోపులు దించాలి కాబట్టి అన్ని తెప్పలకీ వెళ్ళి, పలక ముందు ఎవరు కూర్చుంటున్నారో, వయసెంతో కనుక్కొస్తానంది. ఏకాదశికల్లా వచ్చేస్తుంది. వద్దు, తర్వాత సంతపడవలో ఇద్దరం వెళ్దామన్నాను.

"నీతో వెళ్తే ప్రతిచోటా పాఠం చెప్తావు. నెల పడుద్ది."

"మంచు వస్తే?"

"మంచు పుష్యంలో గదా తీగమ్మాయ్. కాలేజీలో నెలలు చెప్పలేదా?" పోయినేడు ఖాళీ పడవలో దొరికిన వాళ్ళ నాన్న బూర నడుముకి కట్టుకుంది. తెడ్డు తోస్తూ అరిచింది, "ఆవకాయని జాగర్తగా చూసుకో."

తను లేకపోవడంతో చక్రం తొక్కడం నా పనైంది. తొక్కుతూ మీటలు కొట్టడం నాకు చేతకాదు. నేను తొక్కుతుంటే మామ్మ పలక ముందు కూర్చుంటుంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

ఏకాదశి

పుష్యం దాకా ఆగలేదు. నిన్న పొద్దున్నే సముద్రం తెల్లబడటం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి మా గుడిసె నుంచి బట్టీ కనబడలేదు. ఇవాళ నా కాళ్ళు నాకు కనబడటం లేదు. కోళ్ళు గంపలో కూర్చుని పొద్దు గూకిందనుకుంటున్నాయి.

తాయారు రాలేదు.

పక్క గుడిసె కుర్రాణ్ణి తొక్కమని, గదిలోకి వెళ్ళి రాశాను. "తాయారు మీ తెప్ప మీద ఉందా? దయచేసి చెప్పండి." తొమ్మిది పేర్లూ ఉన్నాయి. అందరూ చదివారని తెలుసు. జవాబు లేదు. జీవితంలో మొదటిసారి ఒక పలకని పగలగొట్టాలనిపించింది.

అప్పుడు బూర వినబడింది. సన్నగా, ఏ వైపునుంచో తెలియకుండా, మంచంతా ఒకేసారి పలికినట్టు. రెండు పొట్టివి, ఒక పొడుగు. మామ్మ చేతిలో గిన్నె కింద పెట్టింది.

"అది నా కొడుకు బూర" అంది.

తర్వాతది రేపు రాస్తాను. పలక ఆరిపోకూడదు.

ద్వాదశి

నా తొడలు నావి కావు ఇవాళ. కానీ రాయాలి, మరిచిపోకముందే.

బూర వినగానే మామ్మ పలక ముందుకి జరిగింది. వేలు మీట మీద పెట్టింది, తీసేసింది.

"నేను దించితే ఏసోబు తెప్పలోళ్ళు పలకరు" అంది. "పోయినేడు మూడు తెప్పలు విన్నాయి. అందులో రెండు ఏసోబు వైపువే. నాకు అన్ని చెవులూ కావాల. సగం చాలవు."

"మీరు నాంచారమ్మని వాళ్ళకి తెలిస్తే?"

"నేనెవరో చెప్పడం మాట్టాడటం కాదా?"

అప్పుడు వెలిగింది నాకు. పాఠంలో నేను చెప్పనిది ఒకటుంది. ఎవరికీ అవసరం పడదనుకుని వదిలేశాను. "మాట్లాడక్కర్లేదు మామ్మా. పేరు మార్చుకోవచ్చు. వాలుగీత, పక్కన 'పేరు', ఆ పక్కన మీ పేరు. అది మాట కాదు. గదే చెప్తుంది."

నేను కొట్టిపెడతానంటే ఒప్పుకోలేదు. "నువ్వు తొక్కు." ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, చూపుడువేలుతో, చేపముల్లు తీసినంత నెమ్మదిగా కొట్టింది. గదిలో ఒక గీత పడింది.

ఆవకాయ ఇప్పుడు నాంచారమ్మ.

అటువైపు ఎవరూ మామ్మ కొట్టిన మీటలు చూసి ఉండరు, ఎట్లా మారిందో వాళ్ళకి తెలియదు. వాలుగీత గుర్తుందో లేదో. బూర మళ్ళీ మోగింది, ఆగింది. అప్పుడు ఇంకో గీత.

ఎండ్రకాయ ఇప్పుడు ఏసోబు.

ఎట్లా కనుక్కున్నాడో దేవుడికి తెలుసు. ఆ వెంటనే మిగతావి. చుక్కాని ఇప్పుడు సాంబ్రాజ్యం. మొగలిరేకు ఇప్పుడు పోతురాజు. ముసుగులు వరసగా జారిపోయి, కింద మనుషులు బయటపడ్డారు. నేను తొక్కుతూ ఏడుస్తున్నాను, రెండూ ఒకేసారి చేయొచ్చని నిన్నే తెలిసింది.

ఇక మిగిలింది ఆ ఇద్దరి సంగతే. నలభై ఏళ్ళ తర్వాత ఒకే గుంపులో. మామ్మ పలక వంక చూస్తూ ఉంది. ఆమె ముఖంలో ఏదో కదిలి, ఆగిపోయింది. తర్వాత వంగి, ఒక్కో మీటా వెతికి కొట్టింది.

నాంచారమ్మ: ఏసోబూ. పెద్దోడివి నువ్వే. మాట దించు.

నేను ఇంకా గట్టిగా తొక్కాను.

ఏసోబు: దించాను. తాయారు మాకాడికి రాలేదు. ఎవరూ బూర ఊదకండి. కోళ్ళని గంపల కింద మూయండి. బట్టీలు ఆపండి. ఆ పిల్ల బూర వినబడినోళ్ళు ఒక్క అక్షరం కొట్టండి. వి. అంతే.

మా తెప్ప మీద కబురు అంచులదాకా పాకింది. బట్టీ ఆపేశారు. పిల్లల నోళ్ళ మీద చేతులు పెట్టారు. తొమ్మిది తెప్పల మీద ఎవరూ దగ్గలేదనుకుంటాను. మాట్లాడకుండా కూర్చోవడం వీళ్ళకి తెలిసినట్టు ప్రపంచంలో ఎవరికీ తెలియదు. ఇన్నాళ్ళూ దాన్నే కదా నేను తిట్టుకున్నది.

బూర.

సాంబ్రాజ్యం: వి
పోతురాజు: వి

మామ్మ తల పక్కకి వంచి వింటోంది. మాకూ అందింది, అందరికంటే చివర. ఆమె వేలు పడింది.

నాంచారమ్మ: వి

మళ్ళీ బూర. మళ్ళీ అదే వరస. సాంబ్రాజ్యం, పోతురాజు, మేము. మంచులో ఏ వైపునుంచి వస్తోందో చెవికి తెలియదు. కానీ ఎవరికి ముందు చేరిందో పలక చెప్తోంది. అక్షరం తీగ మీద రెప్పపాటులో పోతుంది. బూర మాత్రం గాల్లో నడిచి రావాలి. దగ్గరున్నవాళ్ళకి ముందు, దూరంవాళ్ళకి వెనక. ఈ మాట నేను గుసగుసగా చెప్తూనే ఉన్నాను, మామ్మ అప్పటికే రాసేసింది.

నాంచారమ్మ: సాంబ్రాజ్యం ఎప్పుడూ ముందు పలుకుతోంది. పిల్ల నీకు దగ్గర.

సాంబ్రాజ్యం: పడవ దించుతున్నాం అత్తా.

ఆ తర్వాత వరస మారింది. మొదట మేం తప్పిపోయాం. మామ్మ చెవి చేత్తో మూసి తెరిచి చూసుకుంది, లేదు, మాకు వినబడటం మానేసింది. తర్వాత పోతురాజు. తర్వాత బూర మోగిందని సాంబ్రాజ్యం చెప్పేలోపే పైన ఇంకో పేరు వచ్చింది.

ఏసోబు: వి
సాంబ్రాజ్యం: వి

"పాటు లాగేస్తోంది" అంది మామ్మ. నీరు తీసే వేళ. సముద్రం దక్షిణంగా లాగుతోంది. ఏసోబు తాత తెప్ప దాటితే ఇక తెప్పల్లేవు. ఉత్త నీళ్ళే.

నాంచారమ్మ: ఏసోబూ నీ మీదుగా పోతోంది. ఆపు.

ఏసోబు: పడవలు తాళ్ళతో కట్టి వరసగా వదిలాం. ఇక నా డప్పు ఒక్కటే మోగుద్ది. మీరంతా మూసుకోండి.

మూసుకున్నారు. గదిలో తొమ్మిది పేర్లు, ఒక్క మాట లేదు. మొన్నటిదాకా నన్ను చంపిన నిశ్శబ్దమే, అక్షరం తేడా లేదు. కానీ ఇప్పుడు అందులో మనుషులు కనబడుతున్నారు. సాంబ్రాజ్యం, పోతురాజు, నేను ముఖం చూడనివాళ్ళు, అందరూ పలకల ముందు వంగి ఒకే చోట కళ్ళు పెట్టి ఉన్నారు. ఎవరి ఇంట్లోనో ఎవరో నాలాగే తొక్కుతున్నారు. మామ్మ వెనక్కి తిరక్కుండా చెయ్యి చాచి నా మోకాలి మీద వేసింది.

ఏసోబు: గంజి పెట్టాం. తాగుతోంది.

మామ్మ ఆ గీతని రెండుసార్లు, పెదాలు కదుపుతూ చదివింది. లేచి బయటికి వెళ్ళింది. బయటి మంచులో ఏం చేసిందో నేను చూడలేదు, చూడకూడదనుకున్నాను.

ఆమె తిరిగొచ్చేసరికి పలక మీద ఇంకోటి ఉంది.

ఏసోబు: మామ్మా నేను తాయారుని. పోతురాజు బాబాయి తెప్ప దాటినాక మంచు పట్టింది. ఆవకాయ పేరు ఎవరు తీసేశారు?

పౌర్ణమి

మంచు విడిచింది. తాయారు నిన్న వచ్చింది, జలుబుతో, నన్ను తిట్టుకుంటూ. తను వెళ్ళిన ప్రతి తెప్ప మీదా ఒకటే అడిగారట, "ఆ ప్రిన్సిపాల్ కథ మిగతాది ఎప్పుడు చెప్పుద్ది?" నేను గోడకి చెప్తున్నాననుకున్న రోజుల్లో వాళ్ళు రోజూ చదివారు. సాంబ్రాజ్యం వాళ్ళ పిల్లలు నా పొడుపుకథలకి జవాబులు గోడమీద బొగ్గుతో రాసుకుని, మాట దిగినాక చెప్దామని ఉంచారట. జవాబులన్నీ ఇవాళ ఒకేసారి వచ్చిపడ్డాయి. ఒక్కటి తప్ప అన్నీ తప్పు.

గది ఇప్పుడు ఆగటంలేదు. చేపల ధర, పాప పేరు, ఎవరి కోడి ఎవరి గంపలో దూరిందన్నది. పొద్దున మాత్రం మొదలవ్వడానికి ఆలస్యమవుతోంది. ఎందుకంటే కొత్త తగువు.

ఏసోబు: నాంచారూ, ఆ రోజు ముందు మాట్టాడింది నువ్వు. లెక్కప్రకారం పెద్దదానివి నువ్వే. దించు.

నాంచారమ్మ: నిన్ను దించమన్నాను. అది మాట కాదు, చెప్పడం. నువ్వు దించు.

ఏసోబు: తాళ్ళు వెయ్యడం తప్ప నేనేం చేశాను. దించు.

తొమ్మిది తెప్పలు చక్రాలు తొక్కుతూ చూస్తుంటాయి. "నలభై ఏళ్ళు నేను పెద్దంటే నేను పెద్దని చచ్చారు, ఇప్పుడు నువ్వంటే నువ్వని చంపుతున్నారు" అంది తాయారు, నా పక్కన తొక్కుతూ, ముక్కు ఎగబీలుస్తూ.

బహుళ విదియ

తీగపడవ కనబడుతోంది, దూరంగా. నా సంచి సర్దేశాను. తలుపుకి కట్టిన తాడుముక్క విప్పుకుని అందులో పెట్టుకున్నాను. ఇంకా దక్షిణంగా ఇంకో దీవుల గుంపు ఉందట. అక్కడివాళ్ళు కొత్తవాళ్ళతో ఎట్లా మాట్లాడతారో, అసలు మాట్లాడతారో లేదో. ఈసారి పాఠం చెప్పేముందు కొన్నాళ్ళు ఊరికే కూర్చుంటాను.

ఇక్కడికి వచ్చేటప్పుడు నేనేదో ఇవ్వడానికి వచ్చాననుకున్నాను. తీసుకుపోతున్నదే ఎక్కువ. మాటంటే పేలడం అని నా కాలేజీ గది నేర్పింది. దానికి నేనెప్పటికీ కృతజ్ఞురాలినే. మాటంటే ముందు చోటివ్వడం అని ఈ గది నేర్పింది.

చివరిసారి గదిలోకి వెళ్దామని పొద్దున్నే పలక ముందుకి వచ్చాను. తాయారు తొక్కుతోంది. మామ్మ అప్పటికే అక్కడుంది, ఏదో కొట్టి, లేచి, పీట నావైపు తోసింది. పలక మీద రెండు గీతలున్నాయి.

నాంచారమ్మ: తీగమ్మాయి ఇవాళ ఎల్లిపోతోంది.

ఏసోబు: అయితే ఇవాళ తను దించుద్ది మాట. ఇద్దరం ఒప్పుకున్నాం.

"నేను తెప్పమనిషిని కాదుగా మామ్మా" అన్నాను.

"కూర్చో, కూర్చో. జనం చూస్తన్నారు" అంది.

తొమ్మిది పేర్లు. ఒక్క మాట లేదు. ఇన్ని రోజులు ఈ గదిలో ఎన్నెన్నో రాశాను, ఒక్కసారీ మీట కోసం తడుముకోలేదు. ఇప్పుడు ఒక్కో మీటా వెతుక్కోవాల్సి వచ్చింది, మామ్మలాగే, చూపుడువేలుతో.

గంజి తాగారా?

వేలు తీసేలోపే జవాబులు పడ్డాయి. తాగాం అమ్మాయిగారూ. తాగాం. ఇంకా పొయ్యిమీదే ఉంది. తాగాం, మీరు? ఒకదానికింద ఒకటి, వచ్చిన వరసలో. అన్నిటికంటే కింద, నా భుజం మీదుగా చెయ్యి చాచి, తొక్కడం ఆపకుండానే తాయారు తన పేరు తిరిగి మార్చుకుని కొట్టింది.

ఆవకాయ: నేనుంటే తాగకుండా ఎట్టా ఉంటారు.